అమెరికా వరిచేల అసలు రైతులు

అమెరికా సంప్రదాయాల గురించి మన పత్రికల్లో ఏ వ్యాసం వచ్చినా 1620లో ప్లిమత్ తీరం చేరిన మేఫ్లవర్ ఓడతోనే మొదలవుతుంది. ఆ వెంటనే థాంక్స్‌గివింగ్ విందు, టర్కీ మాంసం వస్తాయి. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు బడిలో ముందుగా వినే కథా అదే. కానీ అమెరికా ఒక్క రేవులో పుట్టలేదు. దక్షిణ కరొలైనా, జార్జియా తీరాల్లో పుట్టిన ఇంకో అమెరికా ఉంది. దాని పునాది వరి. అన్నం తిని పెరిగిన మనకైనా ఆ కథ తెలిసి ఉండాలి.

చార్లెస్టన్ పట్టణం చుట్టుపక్కల నదుల్లోకి సముద్రపు పోటు ఎగదన్నుతుంది. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. పోటు వచ్చినప్పుడు పైకి లేచే మంచినీటిని తూము తెరిచి మడిలోకి పంపాలి, ఆటు వేళకు బయటికి వదలాలి. లెక్క తప్పితే మడిలో ఉప్పు చేరి పైరు పోతుంది. గోదావరి డెల్టా శివారు రైతుకు ఈ భయం ఎవరూ వివరించక్కర్లేదు. 18వ శతాబ్దంలో అక్కడి అడవి నరికి, మైళ్ల పొడవున గట్లు పోసి ఈ మళ్లను తయారుచేసింది బానిసలు.

ఇంగ్లండ్ నుంచి వచ్చిన భూస్వాములు గోధుమ పండే దేశం వాళ్లు. వరి సాగు తెలిసినవాళ్లు సియెర్రా లియోన్, గాంబియా, సెనెగల్ ప్రాంతాల నుంచి సంకెళ్లతో ఓడల్లో దిగినవాళ్లే. పశ్చిమ ఆఫ్రికాకు తనదైన వరి జాతి ఉంది. ఉప్పుటేళ్ల పక్కన గట్లు వేసి, చెట్టు మొద్దును తొలిచి తూముగా పెట్టి అక్కడివాళ్లు తరతరాలుగా దాన్ని పండిస్తున్నారు. విత్తనానికి మట్టి పట్టించి, మడమతో నేలలోకి అదిమి నాటడం ఆడవాళ్ల విద్య. దంచిన గింజను వెడల్పాటి గడ్డి బుట్టల్లో చెరగడమూ వాళ్ల చేతి పనే. కరొలైనా మళ్లలో ఇవన్నీ మళ్లీ కనిపించాయి. ఈ సంగతి వ్యాపారులకు బాగా తెలుసు. ‘వరి తీరం’ నుంచి మనుషులు వచ్చారని చార్లెస్టన్ పత్రికల్లో ప్రకటన వేసి మరీ అమ్మారు.

ఆ వ్యాపారుల్లో పెద్దవాడు హెన్రీ లారెన్స్. సియెర్రా లియోన్ నదిలోని బన్స్ దీవి కోట నుంచి అతనికి బానిసలను పంపినవాడు లండన్ వర్తకుడు రిచర్డ్ ఆస్వాల్డ్. 1782లో పారిస్‌లో అమెరికా స్వాతంత్ర్యాన్ని గుర్తించే ప్రాథమిక ఒప్పందం రాసుకున్నప్పుడు బ్రిటన్ తరఫున సంతకం చేసింది ఇదే ఆస్వాల్డ్. అమెరికా తరఫున సంతకం చేసిన నలుగురిలో లారెన్స్ ఒకడు. ఒక దేశపు స్వేచ్ఛాపత్రం మీద మనుషుల్ని అమ్మిన ఇద్దరి సంతకాలున్నాయి. అమెరికా చరిత్ర పాఠం ఈ కాగితం దగ్గర కాసేపు ఆగాలని నా కోరిక.

వరి విద్యలో ఆఫ్రికన్ల వాటా ఎంత అన్నదానిపై చరిత్రకారుల్లో వాదన ఉంది. పరిశోధకురాలు జూడిత్ కార్నీ 2001లో ‘బ్లాక్ రైస్’ అనే పుస్తకంలో ఆ విద్య ఆఫ్రికా నుంచే వచ్చిందన్నారు. ఓడల లెక్కలు చూపించి, అంత చెప్పడానికి ఆధారాలు చాలవని మరికొందరు ఎదురు చెప్పారు. సాగును విస్తరించడంలో భూస్వాముల పెట్టుబడికీ ప్రయోగాలకూ పాత్ర ఉందనడంలో తప్పు లేదు. అయితే ఈ వాదన పుట్టకముందు తరాల తరబడి పుస్తకాలు బానిసలకు ఇచ్చిన చోటు ఒక్కటే, శ్రమ. తెలివి యజమానిది, చేతులు బానిసవి అని రాశారు. బురదలో నిలబడి నీటి మట్టం చూసి తూము ఎత్తినవాడికి తెలివి లేదనడం అన్యాయం.

1739లో దక్షిణ కరొలైనాలోని స్టోనో నది దగ్గర బానిసలు డప్పులు మోగిస్తూ తిరగబడ్డారు. మరుసటి ఏడాది వచ్చిన చట్టం వాళ్లకు డప్పులు నిషేధించింది, రాత నేర్పడాన్ని నేరం చేసింది. డప్పు పోతే చప్పట్లు, కాళ్ల దరువు, నేల మీద కర్ర దెబ్బ మిగిలాయి. గుండ్రంగా తిరుగుతూ పాడే ‘రింగ్ షౌట్’ వాటితోనే ఇప్పటికీ బతుకుతోంది. వేసవిలో మలేరియాకు భయపడి యజమానులు మళ్లు వదిలి పట్నానికి పోయేవారు. ఆ ఎడబాటులో గల్లా అనే భాష నిలదొక్కుకుంది. వచ్చీరాని ఇంగ్లిష్ అని పండితులు తోసిపుచ్చిన ఆ భాషలో వేల ఆఫ్రికన్ పేర్లు, మాటలు ఉన్నాయని భాషా శాస్త్రవేత్త లొరెంజో డౌ టర్నర్ 1949లో పుస్తకం వేసి నిరూపించారు. 1930లలో జార్జియాలో ఆయన రికార్డు చేసిన ఒక పాట సియెర్రా లియోన్‌లోని మెండే భాషలో ఉంది. దాన్ని పాడినామెకు అర్థం తెలియదు, అమ్మ నేర్పిందని పాడింది. దశాబ్దాల తర్వాత పరిశోధకులు సియెర్రా లియోన్‌లో వెతికితే, ఒక పల్లెలో అదే పాట పాడే స్త్రీ కనిపించింది. అక్కడ అది చనిపోయినవారిని సాగనంపేటప్పుడు పాడే పాట.

ఇవన్నీ ఒక మూలన ఉన్న జాతి ముచ్చట్లనుకుంటే పొరపాటు. జనవరి 1న దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవారూ నల్లవారూ శుభమని వండుకునే ‘హాపిన్ జాన్’ బొబ్బర్లతో చేసే అన్నం. బొబ్బర్ల పుట్టిల్లు ఆఫ్రికా. అంతర్యుద్ధం ముగిశాక 1865 మే 1న చార్లెస్టన్‌లో, జైలుగా మార్చిన గుర్రప్పందాల మైదానంలో చనిపోయిన ఉత్తరాది సైనికులకు, అప్పుడే విముక్తులైన నల్లజాతివారు సరైన సమాధులు కట్టి, పూలు చల్లి, వేలమందితో ఊరేగింపు తీశారు. నేటి మెమోరియల్ డే మూలాల్లో ఇది తొలి సంఘటనల్లో ఒకటని చరిత్రకారుడు డేవిడ్ బ్లైట్ వెలికితీశారు. ఎన్నో ఏళ్లు ఆ నగరం దాన్ని మరచిపోయింది.

నాకు బాధ కలిగించేది ఇప్పటి పరిస్థితి. దాని మూలం పాతది. 1865 జనవరిలో ఉత్తరాది సేనల జనరల్ షెర్మన్ ఈ తీరభూముల్ని కుటుంబానికి 40 ఎకరాల చొప్పున విముక్తులకు కేటాయించాడు. అదే ఏడాది అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ వాటిని పాత యజమానులకు తిరిగి ఇచ్చేశాడు. ఆ తర్వాత విముక్తులు కష్టపడి కొనుక్కున్న కొద్దిపాటి నేలను ఆ ఇళ్ల పెద్దలు వీలునామా లేకుండా పిల్లలకు వదిలారు. కోర్టుకెక్కడం ఖరీదు, అక్కడి కోర్టుల మీద నమ్మకమూ లేదు. అలా వాటా పలుచబడిన ఉమ్మడి భూమిలో ఎక్కడో ఉన్న ఒక వారసుడి భాగం కొని, కోర్టు ద్వారా మొత్తం వేలానికి పెట్టించడం రియల్ ఎస్టేట్ వాళ్ల పద్ధతి అయింది. 1956లో హిల్టన్ హెడ్ దీవికి వంతెన వచ్చాక గోల్ఫ్ మైదానాలు, గేట్ల కాలనీలు వెలిశాయి. వాటిలో కొన్నిటికి, బానిసలు పనిచేసిన ఎస్టేట్లను పిలిచే ‘ప్లాంటేషన్’ అనే పేరే పెట్టుకున్నారు. 2023లో జార్జియాలోని సపెలో దీవిలో ఇళ్ల పరిమాణంపై ఉన్న 1,400 చదరపు అడుగుల హద్దును 3,000కు పెంచారు. పెద్ద ఇళ్లు లేస్తే పన్నులు పెరుగుతాయని, తమ నేల చేజారుతుందని అక్కడి విముక్తుల వారసులు పోరాటానికి దిగారు. గల్లా గీచీలు అని పిలిచే ఈ తీరపు నల్లజాతివారి వారసత్వ ప్రాంతాన్ని అమెరికన్ కాంగ్రెస్ 2006లో గుర్తించింది. నేల మీద మనుషులు లేకుండా వారసత్వం పలకల మీద మిగిలితే ఎవరికి లాభం?

అట్లాంటా, షార్లట్ నగరాల్లో ఉన్న మనవాళ్లు సెలవులకు ఆ తీరానికే వెళ్తుంటారు. పిల్లల్ని బీచ్‌తో పాటు సెయింట్ హెలీనా దీవిలో 1862లో విముక్తుల కోసం మొదలైన పెన్ స్కూలు ఆవరణకూ, చార్లెస్టన్‌లో ఓడలు దిగిన రేవు మీదే 2023లో తెరిచిన ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియానికీ తీసుకెళ్లండి. దారిలో మౌంట్ ప్లెజెంట్ దగ్గర రోడ్డు పక్కన కూర్చుని ఆడవాళ్లు గడ్డి బుట్టలు అల్లుతుంటారు. వడ్లు చెరిగిన బుట్టల అల్లికే అది. గడ్డి దొరికే తీరం కాలనీల గేట్ల వెనక్కి పోయింది కనుక వాటి ధర ఎక్కువే ఉంటుంది. దయచేసి బేరమాడకండి.