గాల్లో గంట.. నేల మీద మూడు గంటలు!

2021 మార్చి 25న ఓర్వకల్లు విమానాశ్రయం ప్రారంభమైంది. మూడు రోజులకే బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకు విమానాలు ఎగిరాయి. 2025 జూలైలో విజయవాడకూ సర్వీసు మొదలైంది. తెల్లదొరలను ఎదిరించిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు దానికి పెట్టారు. సంతోషమే. సీమ గడ్డ మీద విమానం దిగితే వద్దనేదెవరు?

అయితే ఆదోని నుంచి ఒకసారి లెక్క వేద్దాం. ఓర్వకల్లు నుంచి విజయవాడకు గాలిదారి సుమారు 300 కిలోమీటర్లు. అటూ ఇటుగా గంట ప్రయాణం. ఆదోని నుంచి ఓర్వకల్లుకు గీత గీసి కొలిస్తే దాదాపు 95 కిలోమీటర్లు. కానీ మనిషి గీత మీద పోలేడు కదా! ఎమ్మిగనూరు, గోనెగండ్ల, కోడుమూరు దాటి కర్నూలు చేరాలి. బస్సు మారి మరో 20 కిలోమీటర్ల దాకా పోవాలి. మూడు గంటలకు తక్కువ పట్టదు. ఇందులో మూడో వంతు దూరానికి మూడింతల సమయం!

బెంగళూరు సంగతి మరీ విచిత్రం. ఓర్వకల్లు నుంచి బెంగళూరు విమానాశ్రయానికి గాలిదారి సుమారు 280 కిలోమీటర్లు. ఆదోని నుంచి కొలిచినా దాదాపు అంతే. అంటే ఆదోని మనిషి పొద్దున్నే లేచి మూడు గంటలు తూర్పుకు పోయినా బెంగళూరుకు ఒక్క అడుగు దగ్గర కాడు. వాడికి గుంతకల్లు మీదుగా పోయే రైలే దిక్కు.

ఆ రైలు కూడా జిల్లా కేంద్రానికి సూటిగా పోదు. ఆదోని నుంచి కర్నూలుకు రైల్లో పోవాలంటే గుంతకల్లు, డోన్ చుట్టి రావాలి. మంత్రాలయం - కర్నూలు రైలు మార్గం కోసం ఎన్నేళ్లుగా అడుగుతున్నాం? ఏ పాలకుడు పట్టించుకున్నాడు?

1953లో ఆదోని, ఆలూరు బళ్లారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలులో కలిశాయి. అదే ఏడాది కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. 1956లో ఆ రాజధాని పోయింది. పడమటి తాలూకాలకు మిగిలింది దూరమే. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పల్లెలు ఏటా ఇళ్లకు తాళాలేసి సుగ్గికి పోతున్నాయి. ఆ కూలీలు గుంటూరు మిరప చేలకు పోయేది విమానంలో కాదు, లారీల్లో, ఆటోల్లో.

విద్యార్థులారా, ఉద్యోగులారా! రాజధాని మనకు దూరమని దశాబ్దాలుగా అంటున్నాం. అది నిజం. అయితే ఆదోనికి కర్నూలు కూడా దూరమేనన్న నిజాన్నీ ఒప్పుకోవాలి. రేపు మన రాష్ట్రం మనకొచ్చినా, దాని పటం కర్నూలు నగరం దగ్గరే ఆగిపోతే ఎమ్మిగనూరు నేతన్నకు, ఆదోని పత్తి రైతుకు ఒరిగేదేముంది?

అందుకే విమాన వేళలకు అందేలా ఆదోని నుంచి ఎమ్మిగనూరు మీదుగా ఓర్వకల్లుకు నేరుగా బస్సు నడపాలి. మంత్రాలయం రైలు మార్గం పట్టాలెక్కాలి. ఈ రెండూ మన డిమాండ్ల పత్రంలో చివరి పేజీలో కాదు, మొదటి పేజీలో ఉండాలి.