పాత అంగడులు, క్రొత్త మేడలు

గడచిన మాసమున ఒకనాడు సాయంకాలపు గంట మ్రోగిన తరువాత, తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు నా బల్లయొద్దకు వచ్చి మడతలు పడిన కాగితమొకటి చేతికిచ్చెను. వాని తండ్రికి చెన్నపట్టణపు ఉత్తరభాగమున నొక పాత షాపింగు కాంప్లెక్సులో, వీధికెదురుగా, దారపుఉండలు, గుండీలు, జిప్పులు, లైనింగు గుడ్డలు అమ్ము చిన్న కొట్టు కలదు. ఆ కాగితము భవనపు యజమానులు పంపిన నోటీసు. ఆంగ్లమున నున్నది. తండ్రికి తెలుగున లెక్క వ్రాయుట వచ్చును, తమిళమున బేరమాడుట వచ్చును; ఆంగ్లము రాదు. "సార్, మళ్ళీ నాన్న కొట్టు ఎప్పుడిస్తామని రాశారు?" అని పిల్లవాడడిగెను. నేను రెండుమారులు చదివితిని. భవనము జీర్ణించినదనియు, మూడు మాసములలో ఖాళీచేయవలెననియు, ఆ స్థలమున నూతన వాణిజ్యభవనము లేవనున్నదనియు ఉన్నది. తిరిగి యిచ్చుటను గూర్చి ఒక్క వాక్యమైనను లేదు.

నేను పాత గోడలను చూచి కంటతడి పెట్టువాడను కాను. ఆ కాంప్లెక్సును చూచి వచ్చితిని. మెట్లక్రింద విద్యుత్తు తీగలు తీగలుగా వ్రేలాడుచున్నవి. పైకప్పు పెచ్చులూడి ఇనుపకమ్ములు బయటపడినవి. అగ్నిమాపకశకటము లోనికి వచ్చు త్రోవ లేదు. ఇట్టి భవనములను అట్లే యుంచుట క్షేమము కాదు. 2017 మే 31వ తేదీన త్యాగరాయనగరమున ఏడంతస్తుల వస్త్రదుకాణమొకటి తగులబడి, మంటలు ఒక దినమునకు మించి చల్లారక, కడకు ఆ భవనమునే నేలమట్టము చేయవలసివచ్చినది. కావున కూల్చవలెనా వద్దా యన్నది నా ప్రశ్న కాదు. కూల్చినపిమ్మట అందులో బ్రతికినవారు ఎక్కడనుందురన్నదే ప్రశ్న.

ఈ నగరమునకు ఈ కథ క్రొత్తది కాదు. సెంట్రల్ స్టేషను ప్రక్కన మూర్ మార్కెట్టుండెడిది. బ్రాడ్వేలోని పాత బజారు అపరిశుభ్రమైనదని, దానికి బదులుగా నగరసంస్థ అధ్యక్షుడు సర్ జార్జి మూర్ 1898లో పునాది వేయింపగా 1900లో అది పూర్తియైనది. అనగా మూర్ మార్కెట్టే ఒక పునర్నిర్మాణపు బిడ్డ. పాతపుస్తకముల కొట్లకు అది పేరుపడినది. 1985 మే 30న అది కాలిపోయినది. ఆ చోట రైల్వేవారి సబర్బన్ స్టేషను భవనము వెలసినది. వర్తకులకు ప్రక్కనే అల్లికుళం కాంప్లెక్సులో కొట్లిచ్చిరి. దూరము చూచిన పదినిమిషముల నడక కూడ లేదు. కాని రైలు దిగినవాడు దారిలో ఆగి పుస్తకము త్రిప్పి చూచుట వేరు, పుస్తకము కావలెనని వెదకికొని పోవుట వేరు. నా విద్యార్థులతో అక్కడికి పలుమారులు పోయితిని. పుస్తకములున్నవి, ఆ దారినిపోవు జనము లేరు. అంగడికి నాలుగు గోడలకంటె ముందు కావలసినది ఎదుట నడచు మనుష్యులు.

తిరుపతిలో పండితశిక్షణ ముగించుకొని 2004లో నేనీ నగరమునకు ఉద్యోగమునకై వచ్చినపుడు, సహోపాధ్యాయుడొకరు నన్ను మొట్టమొదట తీసికొనిపోయిన చోటు మౌంటురోడ్డులోని స్పెన్సరు ప్లాజా. చల్లనిగాలి, కదలు మెట్లు, ఎటుచూచినను అద్దములు. ఆ మెట్టుమీద కాలుపెట్టుటకు భయపడి నేను ప్రక్కమెట్లెక్కితిని. ఆయన నేటికిని ఆ మాట చెప్పి నవ్వును. అదియును పునర్నిర్మాణమే. ఆంగ్లేయుల నాటి ఎర్రయిటుకల భవనము 1980-90 దశకమున అగ్నికాహుతి కాగా, 1990ల తొలియేండ్లలో ఆ స్థలమున ఈ మాల్ వెలసినది. దేశమున తొలినాటి మాల్‌లలో నొకటి. 2010లో రాయపేటలో ఎక్స్‌ప్రెస్ ఎవెన్యూ, 2013లో వేళచ్చేరిలో ఫీనిక్స్ వచ్చిన తరువాత జనము అటు మరలిరి. ఇరువదేండ్లకే క్రొత్త మేడ పాతమేడయైనది.

దీనికి హేతువు పోటీ యొక్కటే కాదు. స్పెన్సరులోని కొట్లు పెక్కు విడివిడిగా అనేకులకు అమ్ముడుపోయినవి. అట్టి చోట పైకప్పు బాగుచేయవలెనన్న ఒకడొప్పుకొనును, ఒకడు ఒప్పుకొనడు, మరియొకడు విదేశముననుండును. ఒక కొట్టు మూతపడిన ప్రక్కకొట్టునకు గిరాకి తగ్గును. గిరాకి తగ్గినవాడు నిర్వహణరుసుము కట్టడు. రుసుము రాకున్న లిఫ్టు నిలుచును. మాల్ ముసలిదగుట యనగా నిదియే. వీధికి వీపు త్రిప్పి, ద్వారములన్నియు లోపలికే పెట్టుకొన్న భవనమునకు ఇంకొక కష్టము కలదు: లోపలి జనము పలుచబడిన, వీధిలోని జనము దానిని ఆదుకొనలేరు. వీధిమొగము గల వరుసకొట్లు ఎంత పాతబడినను బ్రతుకుచుండుటకు కారణము, వానిని పోషించునది వీధియే గాని భవనము కాదు.

పొండీ బజారు చూడుడు. మన పిట్టి త్యాగరాయశెట్టిగారి పేరు మోయు త్యాగరాయనగరముననే యున్నది. ఆ ప్రక్కనే పానగల్లు రాజావారి పేరిటి ఉద్యానము. (ఈ రెండు పేర్లు తెలుగువారివని మన పిల్లలలో ఎందరికి తెలియునో!) అక్కడి బాటప్రక్క వర్తకులను 2013లో నగరపాలకులు అంతస్తుల కాంప్లెక్సులోనికి మార్చిరి. 2019 నవంబరులో బాటను విశాలపరచి పాదచారుల విహారవీధిగా తీర్చిరి. వీధి అందమైనది, నేనును సంతోషించితిని. కాని రిబ్బను, పిన్నీసు కొనుటకు మేడమెట్లెక్కువారెందరు? పైయంతస్తున ఉచితముగా కొట్టిచ్చినను చిల్లరవర్తకునికి అది సగము కొట్టే.

మంచి ఉదాహరణము లేకపోలేదు. కొత్వాలుచావడి కూరగాయల టోకు బజారు 1996లో కోయంబేడునకు, 295 ఎకరముల ఆవరణమునకు, తరలినది. వర్తకులు మొదట ఇష్టపడలేదు. అయినను బజారును వర్తకులతోగూడ తరలించిరి. ఎవనికి ఏ కొట్టన్నది నిర్ణయించి కదలించిరి. అందుచేతనే అది నిలిచినది.

ఇక మన పిల్లవాని తండ్రి సంగతి. యజమానులు ఇప్పుడే కూల్చనెంచుటకు జీర్ణత యొక్కటే కారణము కాదని నా యభిప్రాయము. స్థలమునకు ఎన్నిరెట్ల వైశాల్యము కట్టవచ్చునో నిర్ణయించు లెక్కను ఎఫ్.ఎస్.ఐ. అందురు. 2019 నాటి తమిళనాడు నిబంధనలలో అది సామాన్యభవనములకు 1.5 నుండి 2కు పెరిగినది. ఎత్తైన భవనములకు ఇంకను ఎక్కువ. నాలుగు గ్రౌండ్ల స్థలమనుకొందము: 9,600 చదరపుటడుగులు. మునుపు 14,400 అడుగులు కట్టవచ్చును, నేడు 19,200. పెరిగినది 4,800. పాత కొట్లు ముప్పది, ఒక్కొక్కటి 120 అడుగులైన మొత్తము 3,600. అనగా పాతవారందరికి మరల చోటిచ్చినను, పెరిగిన భాగములోనే ఇంకను మిగులును. (ఈ లెక్కను మా గణితోపాధ్యాయులచేత సరిచూపించితిని, తెలుగు పంతులు లెక్కను ఎవరు నమ్ముదురు!) ఆ పెరుగుదల యజమాని కష్టార్జితము కాదు, ప్రభుత్వపు కలముపోటున వచ్చినది. అందులో కొంత పాతవారికి చెందవలెననుట అన్యాయమగునా?

చట్టము మాత్రము అట్లనుట లేదు. 2019లో అమలులోనికి వచ్చిన తమిళనాడు అద్దెచట్టము ప్రకారము, పునర్నిర్మాణమునకై ఖాళీచేసిన అద్దెదారుడు తిరిగి ప్రవేశించుట, ఉభయులు ఒప్పుకొని క్రొత్త ఒడంబడికను అధికారికి సమర్పించినపుడే. నోటిమాట చెల్లదు. ఇరువదేండ్లుగా నోటిమాటమీద అద్దె చెల్లించువారికి ఇది తెలియదు. వింత యేమనగా, 2014 నాటి వీధివర్తకుల చట్టము తోపుడుబండివానిని తలచినది: పట్టణసమితిలో నూటికి నలుబదిమందికి తక్కువకాకుండ వర్తకప్రతినిధులుండవలెననియు, ఏబదియేండ్లకు మించిన సహజవిపణులనుండి వారిని కదలింపరాదనియు చెప్పినది. పైకప్పు క్రింద అద్దెకున్న చిన్నకొట్టువానికి అది వర్తింపదు.

కావున నేను కోరునది ఒక్కటి. అంగళ్లతోనున్న పాతభవనమును కూల్చి క్రొత్తది కట్టుటకు ప్లాను అనుమతి నిచ్చు అధికారులు, పటముతోపాటు అద్దెదారులతోడి పునఃప్రవేశపు ఒడంబడికను గూడ అడుగవలెను. ఏ అంతస్తు, ఎన్ని అడుగులు, ఏ అద్దె, ఏ తేదీ - ఇవి వ్రాతలోనుండనిదే గునపము లేవరాదు. యజమాని తన సొత్తును తన యిష్టమువచ్చినట్లు కట్టుకొనరాదా యని కొందరందురు. కట్టుకొనవచ్చును. కాని ఆ స్థలమునకు వెల తెచ్చినది, ఇరువదేండ్లు ప్రతియుదయము షట్టరెత్తి వీధికి జనమును అలవాటు చేసినవాడు గూడ గదా. క్రొత్త అద్దె పాతదానికంటె హెచ్చుననియు నేనెరుగుదును. అది సాలుసాలుకు మెల్లగా పెరుగునట్లు వ్రాసికొనవచ్చును.

ఆ సాయంకాలము పిల్లవాడును నేనును కూర్చుండి జవాబు వ్రాసితిమి. మూడే ప్రశ్నలు: క్రొత్త భవనమున మాకు ఏ అంతస్తున ఎంత చోటు? అద్దె ఎట్లు నిర్ణయింతురు? కట్టునంతకాలము మేమెక్కడ వర్తకము చేయవలెను? నేను ఆంగ్లమున చెప్పగా వాడు గుండ్రని యక్షరములతో వ్రాసెను. తండ్రి క్రింద తెలుగున సంతకము చేసెను. మరునాడు ప్రక్కకొట్లవారు పదునొకండుగురు తామును సంతకము పెట్టెదమని వచ్చిరి; అందులో తమిళమున, ఉర్దూన, తెలుగున చేసిన సంతకములున్నవి. ఉత్తరము తపాలలో పంపి రసీదు దాచితిమి. మూడు వారములైనది. జవాబింకను రాలేదు. కొట్టును ఉదయము పదిగంటలకు తెరచుచునే యున్నారు.