గాజుతొట్టెలో కూర్మావతారం

మామిడికాయ మగ్గడానికి వరిగడ్డి ఎంత మందాన పరవాలో మా నూజివీడు ప్రాంతంలో ప్రతి ఇంటివారూ చెప్పగలరు. కింద గట్టినేల తగిలితే కాయ మచ్చపడుతుందనీ, గాలి ఆడకపోతే కుళ్ళుతుందనీ పిల్లలకు సైతం తెలుసు. అటువంటి ఇళ్ళలోనే ఈమధ్య టీవీ పక్కన గాజుతొట్టెలో తాబేలు దర్శనమిస్తోంది. దాని కింద ఏమి పరవాలని అడిగినవారిని నేను చూడలేదు. ఏ రంగు రాళ్ళు నప్పుతాయన్నదే అందరి చింత.

నా అభ్యంతరమంతా ఆ రంగురాళ్ళతోనే. నోటికి పట్టే రాయిని తాబేలు మింగుతుంది. అది పేగుకు అడ్డుపడితే ప్రాణం పోతుంది. రాయి వేయదలచుకుంటే దాని తలకన్నా పెద్దది వేయాలి. ఎక్కి ఎండ కాచుకొనే బండ తొట్టె అడుగుకే ఆని ఉండాలి. ఇసుకమీద నిలబెడితే ఏదో ఒకనాడు ఒరిగి జంతువును నొక్కేస్తుంది. సిమెంటు కోట, ప్లాస్టిక్ తామర ఎవరి ముచ్చటకో వేరే చెప్పాలా?

"కిటికీ పక్కనే పెట్టాం, ఎండ పడుతోందిగా" అంటారు. కిటికీ అద్దం వెలుతురునూ వేడినీ రానిస్తుంది గాని, డి3 విటమిను తయారీకి కావలసిన అతినీలలోహిత-బి కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. ఆ విటమిను లేనిదే కాల్షియం ఒంటబట్టదు, డిప్ప మెత్తబడుతుంది. ఇక మే నెల ఎండలో గాజుతొట్టె పొయ్యిమీది గిన్నెతో సమానం. ఒకవైపు ఎండ, మరోవైపు నీడ, దాక్కోవడానికి బోర్లించిన సగం కుండ పెంకు: ఇంతకన్నా అందమైన అలంకరణ నాకు తెలియదు.

"సహజంగా" ఉండాలని తోటలోంచి మామిడికొమ్మ విరిచి తెచ్చేవారి సంగతి మరీ విచిత్రం. పూతమీద తేనెమంచు పురుగుకు మందు కొట్టిన తోట అది! పైగా పచ్చికొమ్మ సొన మన పెదవులనే పొక్కిస్తుంది. ఆ తొట్టెను వంటింటి సింకులో కడిగేవారికి ఇంకొక మాట. పిల్లలకు సాల్మొనెల్లా సోకుతోందని అమెరికా 1975లో నాలుగంగుళాల లోపు డిప్పగల తాబేళ్ళ అమ్మకాన్నే నిషేధించింది.

ఇదంతా దుకాణాల్లో అమ్మే ఎర్రచెవుల నీటితాబేలు గురించి. అరచేతిలో ఇమిడే ఆ పిల్ల అన్నం కంచమంత అవుతుందని అమ్మేవాడు చెప్పడు. నక్షత్ర తాబేలు విషయం పూర్తిగా వేరు. మొన్న మా బంధువొకాయన దానికి తొట్టె ఎలా తీర్చిదిద్దాలో చెప్పమన్నారు. చెప్పనన్నాను. "శ్రీకూర్మం గుడిలో లేవా? ఇంట్లో ఉంటే లక్ష్మి కదా?" అని నొచ్చుకున్నారు. గుడిలో ఏనుగు కూడా ఉంటుంది, హాలులో కట్టేసుకుంటామా?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం. 2019లో సైట్స్ ఒప్పందం దాన్ని మొదటి అనుబంధానికి మార్చి అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించింది. అయినా పొడినేలల చిట్టడవుల్లోంచి గోనెసంచుల్లో వస్తూనే ఉంది. ఎండుగడ్డిలో కంటికి ఆనకుండా కాపాడవలసిన ఆ డిప్పమీది చారలే దాని కొంప ముంచాయి. దానికి చక్కని తొట్టె అమర్చి ఇవ్వడమంటే ఆ సంచి మోసినవాడికి బేరం కుదిర్చినట్టే. సురక్షితంగా అమర్చడమెలాగో నాకు తెలిసినా చెప్పను. ఆయనకు కోపం వస్తే రానీ.

ఇప్పటికే ఇంట్లో ఉన్నదాన్ని అటవీశాఖవారికి అప్పగించాలి. చెరువులో వదిలేస్తే పుణ్యమని కొందరు సలహా ఇస్తున్నారు. ఎర్రచెవులదాన్ని వదిలితే అది బలిసి మన చెరువు తాబేళ్ళ తిండినీ చోటునూ ఆక్రమిస్తుంది. నక్షత్ర తాబేలు మెట్టప్రాణి, ఈదలేదు. మునిగి చస్తుంది.