కాగితం మీది టెరాఫ్లాపులు
గ్రాఫిక్స్ కార్డు టెరాఫ్లాపుల అంకె సాంచా మోటారు వేగం లాంటిది. దిగే మీటర్ల లెక్క వేరు

సూరత్‌లోని నవాగామ్, దిండోలీ, లింబాయత్‌లలో సాంచాల మీద బతికే తెలుగు కుటుంబాలకు ఓ లెక్క నోటికొచ్చు. నిమిషానికి 150 పిక్కులు వేసే సాంచా మీద అంగుళానికి 60 పిక్కుల బట్ట నేస్తే గంటకు 150 అంగుళాలు, అంటే 3.8 మీటర్లు దిగాలి. 12 గంటల షిఫ్టుకు 45 మీటర్ల పైమాటే. ఆ 45 మాత్రం దిగదు. పోగు తెగుతుంది, కండె అయిపోతుంది, కరెంటు పోతుంది, ఒక సాంచాను సరిచేస్తుంటే పక్కది ఆగుతుంది. కూలి కట్టేది దిగిన మీటర్లకే కానీ మోటారు తిరిగిన వేగానికి కాదు.

ఆ ఇంటి కుర్రాడు సాంచా వదిలి చీరల డిజైనింగ్ వైపో, యానిమేషన్ వైపో వెళ్దామని కంప్యూటర్ కొనబోతే దుకాణంలో ఎదురయ్యేది సరిగ్గా మోటారు వేగం లెక్కే. కార్డు పేరు, దాని పక్కన టెరాఫ్లాపులు. తండ్రి నెల సంపాదన ఒక్క కార్డుకే సరిపోయే చోట ఆ అంకెను ఎలా చదవాలో తెలియకపోతే నష్టం చిన్నదేమీ కాదు.

టెరాఫ్లాపు అంటే సెకనుకు లక్ష కోట్ల దశాంశ లెక్కలు. అయితే ఈ అంకెను ఎవరూ కార్డును నడిపి కొలవరు, గుణించి రాబడతారు. కార్డులోని కోర్ల సంఖ్యను గడియార వేగంతో హెచ్చించి, దాన్ని రెండింతలు చేస్తారు. ప్రతి కోరూ ఒక్క టిక్కులో ఒక గుణకారం, ఒక కూడిక కలిపి చేయగలదు కాబట్టి ఆ రెండింతలు. ఎన్‌విడియా 2021లో తెచ్చిన ఆర్‌టీఎక్స్ 3060లో 3,584 కోర్లు, వేగం 1.78 గిగాహెర్ట్జ్. లెక్కకు 12.7 టెరాఫ్లాపులు. 2023 నాటి ఆర్‌టీఎక్స్ 4060లో కోర్లు 3,072కు తగ్గినా వేగం 2.46కు పెరగడంతో లెక్క 15.1కి చేరింది. ఏ కోరూ ఒక్క క్షణం కూడా ఖాళీగా లేకపోతే వచ్చే అంకెలివి. పోగు తెగని సాంచా ఎంత నిజమో ఇవీ అంతే నిజం.

ఒకే కంపెనీ, ఒకే తరం కార్డుల మధ్య ఈ అంకె కొంతవరకు పనికొస్తుంది. తరం మారినా, కంపెనీ మారినా చిక్కే. 2018 నాటి ఆర్‌టీఎక్స్ 2080 టీఐ సామర్థ్యం కాగితం మీద 13.4 టెరాఫ్లాపులు, 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3070ది 20.3. సగానికి సగం ఎక్కువ. ఆటల్లో మాత్రం రెండూ దాదాపు సమానంగానే పరుగెత్తాయి. కారణం కోర్ల లెక్కలోనే ఉంది. పాత డిజైన్‌లో దశాంశ లెక్కలకు కొన్ని, పూర్ణాంకాలకు కొన్ని విడివిడిగా ఉండేవి. కొత్తదానిలో పూర్ణాంకాల భాగానికి దశాంశ లెక్కలూ నేర్పి, రెంటినీ కలిపి కోర్లుగా లెక్కేశారు. ఆటలో ప్రతి 100 దశాంశ ఆదేశాలకు సుమారు 36 పూర్ణాంక ఆదేశాలు ఉంటాయని ఎన్‌విడియానే చెప్పింది. ఆ పని వచ్చినప్పుడల్లా కొత్త కోర్లలో కొన్ని దశాంశ లెక్కలు వదిలి అటు పోవాల్సిందే.

ఏఎమ్‌డీ ఇంకో అడుగు ముందుకేసింది. 2023 నాటి ఆర్‌ఎక్స్ 7600లో 2,048 కోర్లు, 2.66 గిగాహెర్ట్జ్. రెండింతలు చేస్తే 10.9 రావాలి, కంపెనీ చెప్పేది 21.7. ఒక్కో కోరు ఒకేసారి రెండు ఆదేశాలు తీసుకోగలదని నాలుగింతలు చేశారు. అలా జతకుదిరే ఆదేశాలు దొరికినప్పుడే ఆ వేగం. ఆటల్లో ఇది 15.1 అంకె ఉన్న 4060తో సరిసమానంగా నిలుస్తుంది, రే ట్రేసింగ్ పెడితే వెనకబడుతుంది.

నిజానికి ఎక్కువ చెప్పే అంకె మరోటుంది. అది మెమరీ నుంచి కోర్లకు సెకనుకు అందే సమాచారం, అంటే బ్యాండ్‌విడ్త్. సాంచా ఎంత వేగంగా తిరిగినా కండెలు అందకపోతే ఆగినట్టే. 3060లో మెమరీ దారి వెడల్పు 192 బిట్లు, వేగం 15 గిగాబిట్లు. హెచ్చించి 8తో భాగిస్తే 360 గిగాబైట్లు. కొత్తదైన 4060లో దారిని 128 బిట్లకు కుదించారు కాబట్టి 272 మాత్రమే. ఆ లోటు కప్పడానికి చిప్‌లోని క్యాష్‌ను 3 మెగాబైట్ల నుంచి 24కు పెంచారు. మామూలు 1080పి ఆటల్లో ఆ ఉపాయం పారింది, 4060 ముందుంటుంది.

అదే ఏఐతో బొమ్మలు, డిజైన్లు పుట్టించే పనికొస్తే కథ తిరగబడొచ్చు. 3060లో మెమరీ 12 గిగాబైట్లు, 4060లో 8. పని 8లో పట్టకపోతే మిగిలింది కంప్యూటర్ ర్యామ్‌లోకి పోతుంది. అక్కడి నుంచి తెచ్చుకునే దారి సెకనుకు 16 గిగాబైట్లే. 272 ఎక్కడ, 16 ఎక్కడ? గుమ్మం పక్కనున్న నూలుకు, ఊరవతల గోదాములోని నూలుకు ఉన్నంత తేడా. టెరాఫ్లాపులు తక్కువైన పాత కార్డే అప్పుడు పని ముగిస్తుంది. చీరల ప్రింట్ డిజైన్లకు ఫోటోషాప్ ఒక్కటే వాడేవారికైతే ఈ గొడవే అక్కర్లేదు. ఓ మోస్తరు కార్డు తీసుకుని మిగిలిన డబ్బు ర్యామ్ మీద, రంగులు సరిగ్గా చూపే మానిటర్ మీద పెడితే లాభం.

అంకెల కన్నా ప్రమాదం పేర్లది. 2017లో వచ్చిన జీటీ 1030 బ్యాండ్‌విడ్త్ 48 గిగాబైట్లు. మరుసటి ఏడాది అదే పేరుతో చవక డీడీఆర్4 మెమరీ వేసి ఇంకోటి వదిలారు, దానిది 16.8. పేరు మారలేదు, వేగం మాత్రం చాలా పడిపోయింది. జీటీఎక్స్ 1060 కథా అంతే. 3 గిగాబైట్ల రకంలో తగ్గింది మెమరీ ఒక్కటే కాదు, కోర్లు కూడా 1,280 నుంచి 1,152కు దిగాయి. 3060కి కూడా 2022లో 8 గిగాబైట్ల తమ్ముడు పుట్టాడు. మెమరీ దారి 128 బిట్లు, బ్యాండ్‌విడ్త్ 240. దుకాణం బిల్లు మీద మాత్రం రెండూ 3060లే. జీటీఎక్స్ 970లోని 4 గిగాబైట్లలో చివరి అర గిగాబైటు నెమ్మదైనదని 2015లో బయటపడింది. కోర్టుకెక్కిన అమెరికా కొనుగోలుదారులకు ఒక్కొక్కరికి 30 డాలర్లు ఇవ్వడానికి ఎన్‌విడియా 2016లో ఒప్పుకుంది. ఇక్కడివారికి అలాంటి ఒప్పందమేదీ లేదు.

ఇక సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో పాత కార్డు బయోస్ మార్చి కొత్త పేరుతో అంటగట్టే మోసాలూ ఉన్నాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకెళ్లి, డబ్బు లెక్కపెట్టకముందే కార్డును కంప్యూటర్‌లో పెట్టించి తెరిస్తే కోర్లు, మెమరీ రకం, దారి వెడల్పు, బ్యాండ్‌విడ్త్ ఒకే తెర మీద కనిపిస్తాయి. బయోస్ మార్చిన నకిలీలు చాలావాటిని అది పేరు పక్కనే నకిలీ అని చూపిస్తుంది కూడా. పెట్టడానికి దుకాణదారు ఒప్పుకోకపోతే పక్క దుకాణం ఉండనే ఉంది.