బడి మెట్లెక్కని ఇల్లాలు... బడి పెట్టింది!

జూన్ నెల వచ్చిందంటే కాలేజీ ఆఫీసు గది ముందు వరస మొదలవుతుంది. టీసీ, మార్కుల లిస్టు, కుల సర్టిఫికెట్, ఆదాయ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సు... అన్నీ ఓ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని పిల్లలు నిలబడతారు. నెల్లూరు తీరం వెంబడి ఉన్న ఏ చిన్న కాలేజీలోనైనా ఈ వరసను కాస్త తీరిగ్గా చూడండి. సగం జిల్లా కనిపిస్తుంది. సముద్రం మీదికి వేటకెళ్లే పట్టపుపాళెం కుర్రాడు, వరి పండించే రైతు బిడ్డ, దళితవాడ నుంచి వచ్చిన అమ్మాయి, టౌన్లో టైలరింగ్ చేసే ముస్లిం తండ్రి వెంట వచ్చిన కొడుకు. అందరికంటే చివర, కవరు కూడా లేకుండా, రొయ్యల గుంటకు కాపలా కాసే యానాది కుటుంబం పిల్ల.

వందేళ్ల కిందట ఇలాంటి వరస ఊహకైనా అందేది కాదు. అబ్బాయిలకే అంతంతమాత్రం. ఇక ఆడపిల్లల మాట చెప్పేదేముంది! ఆ కాలంలో ఆడపిల్లల కోసం నెల్లూరులో బడి పెట్టిన మనిషి మాత్రం స్వయంగా ఏ బడిలోనూ చదువుకోలేదు. ఆమే పొణకా కనకమ్మ.

1892 జూన్ 10న మినగల్లులో పుట్టారామె. పదేళ్లయినా నిండకముందే మేనమామ సుబ్బరామరెడ్డితో పెళ్లయింది. పొట్లపూడి కాపురం. కలిగిన ఇల్లు, పెద్ద సంసారం. పలకాబలపం పట్టాల్సిన వయసులో పసుపు కుంకుమలు పట్టుకున్నారు. అయినా ఇంట్లోనే, దొరికిన పుస్తకమల్లా చదువుతూ తెలుగు నేర్చుకున్నారు. తర్వాత సంస్కృతం, హిందీ. కవిత్వమూ రాశారు. చదువు విలువ చదువుకున్నవాళ్లకంటే చదువు అందనివాళ్లకే ఎక్కువ తెలుస్తుందేమో!

1913లో పొట్లపూడిలో సుజన రంజనీ సమాజం మొదలైంది. వివేకానందుడి పేరుతో గ్రంథాలయం వెలిసింది. పెద్దింటి కోడలు హరిజనవాడకు వెళ్లి సేవ చేయడమంటే అప్పట్లో మామూలు సంగతి కాదు. ఊళ్లో ఎన్ని నోళ్లు ఎన్ని రకాలుగా మాట్లాడి ఉంటాయో ఊహించుకోవచ్చు. వాడ పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు తన గడప దాకా వస్తారులే అని ఆమె కూర్చోలేదు. తానే వెళ్లారు. ఈ తేడా చిన్నది కాదు. తలుపు తెరిచి ‘ఎవరైనా రావచ్చు’ అని బోర్డు కట్టేవాళ్లు ఇవాళ కూడా బోలెడంతమంది.

మధ్యలో ఓ విచిత్రం. కనకమ్మ మొదట్లో గాంధీజీ మనిషి కాదు, విప్లవకారుల వైపు మొగ్గారు. వాళ్ల ఆయుధ శిక్షణ కోసం పెన్న ఒడ్డున పల్లిపాడులో 13 ఎకరాలు కొన్నారు. తర్వాత మనసు మారింది. ఆ నేలనే ఆశ్రమానికి ఇచ్చేశారు. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా వచ్చి పినాకిని సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. తుపాకులు పేలాల్సిన చోట రాట్నాలు తిరిగాయి.

ఆ తర్వాత రెండేళ్లకు, 1923లో, నెల్లూరులో బాలికల బడి పుట్టింది. కస్తూర్బా పేరుతో శ్రీ కస్తూరిదేవి విద్యాలయం. అప్పటికి కనకమ్మ వయసు 31 ఏళ్లు. ఆ ఈడుకు అప్పట్లో చాలామంది ఆడవాళ్లు అమ్మమ్మలయ్యేవాళ్లు! అక్షరాలతో పాటు చేతిపనులు కూడా నేర్పారు. ఆడపిల్లకు చదువెందుకని అడిగే తల్లిదండ్రులకు అదో జవాబు. బిడ్డ చేతిలో పని ఉంటే రేపు ఎవరి ముందూ చెయ్యి చాచనక్కర్లేదు.

1929లో గాంధీజీ మళ్లీ నెల్లూరు వచ్చినప్పుడు విద్యాలయం భవనానికి శంకుస్థాపన చేశారు. ఆడపిల్ల పెళ్లికి 14 ఏళ్లు నిండాలని చెప్పే శారదా చట్టం కూడా ఆ సంవత్సరమే వచ్చింది. పదేళ్లు నిండని పెళ్లికూతురుగా అత్తవారింట అడుగుపెట్టిన కనకమ్మ ఈ రెండింటినీ కళ్లారా చూశారు.

బడి నడపడం మాత్రం పునాదిరాయి వేసినంత తేలిక కాలేదు. ఉద్యమం రోజుల్లో ఆమె రాయవేలూరు జైలుకెళ్లారు. వయసులో ఉన్న ఒక్కగానొక్క కూతురు వెంకటసుబ్బమ్మ కన్నుమూసింది. ఇలాంటి దెబ్బ తగిలితే చాలామంది తలుపులేసుకుని మూలన కూర్చుంటారు. కనకమ్మ విద్యాలయాన్ని విడిచిపెట్టలేదు. 1955లో గృహలక్ష్మి స్వర్ణకంకణం అందుకున్నారు. 1963 సెప్టెంబరు 15న కన్నుమూశారు. ఆమె ఆత్మకథ ‘కనకపుష్యరాగం’ అచ్చయి జనం చేతికి రావడానికి మాత్రం 2011 దాకా పట్టింది. నలభై ఎనిమిదేళ్లు!

తర్వాతి కాలంలో నెల్లూరులో ఆడపిల్లలకు డిగ్రీ కాలేజీయే వచ్చింది. దానికి కూడా ఓ స్త్రీ పేరే, దొడ్ల కౌసల్యమ్మ. డీకే కాలేజీ అంటే ఇప్పుడు ఏ ఆటోవాలా అయినా దింపేస్తాడు.

మరి వరస చివర నిలబడ్డ ఆ యానాది పిల్ల సంగతి?

యానాదుల కోసం జీవితం ధారపోసిన మనిషి కూడా నెల్లూరులోనే ఉన్నారు, వెన్నెలకంటి రాఘవయ్య. నెల్లూరు కేంద్రంగా ఆదిమజాతి సేవక్ సంఘ్‌ను నడిపారు. 1973లో పద్మభూషణ్ వచ్చింది. తీరంలో యానాదుల పాత చిరునామా శ్రీహరికోట దీవి. అడవి తేనె, దుంపలు, చేపలు, మూలికా వైద్యం... అవే వాళ్ల బతుకు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న తొలి రాకెట్ ఎగిరింది. యానాదుల గూడేలు మాత్రం చోటు మారాయి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు దీవి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. యానాదులు మాత్రం తీరం పొడవునా ఉన్నారు. రొయ్యల గుంటల దగ్గర, కాలవ గట్ల మీద, వరిచేలల్లో ఎలుకలు పడుతూ.

పని ఎక్కడుంటే కాపురం అక్కడే. అందుకే బిడ్డ ఒక బడిలో నాలుగేళ్లు వరసగా చదివితే గొప్ప. ఇంటర్ దాటి డిగ్రీ దాకా వచ్చిందంటే ఆ ఇంట్లో, ఒక్కోసారి ఆ గూడెంలోనే, అంతవరకు ఎవరూ చేయని పని చేసినట్టు. ఎస్టీ కోటాలో సీటు ఉంటుంది, హాస్టలు ఉంటుంది, ఫీజు ప్రభుత్వం కడుతుంది. చట్టంలో లోటేమీ లేదు. కాని కులం సర్టిఫికెట్‌కు ఆధార్ అడుగుతారు, ఆధార్‌కు పుట్టిన తేదీ అడుగుతారు. పుట్టిన తేదీ గుంట గట్టు మీద పుట్టిన బిడ్డకు ఎవరు రాసి పెట్టారు? ఇవన్నీ దాటి లోపలికెళితే పాఠం ఇంగ్లిష్‌లో. డిగ్రీ చదువులన్నీ ఇంగ్లిష్ మీడియంలోనే ఉండాలని 2021లో రాష్ట్రంలో నిర్ణయించారు. కాన్వెంటులో చదివిన పిల్లాడు ముందు బెంచీలో తల ఊపుతుంటాడు. తెలుగు బడిలో చదివిన పిల్ల వెనక బెంచీలో పక్కవాళ్ల నోట్సు చూసి రాసుకుంటుంది. డౌటు అడగాలంటే లేచి నిలబడాలి, లేస్తే అందరూ వెనక్కి తిరుగుతారు.

సర్టిఫికెట్ల దగ్గర అడ్డు చెప్పే గుమాస్తా చెడ్డవాడేం కాదు. లిస్టులో ఉన్నదే అడుగుతాడు. ‘‘ఈ కాయితం తేవాలమ్మా. తహసీల్దారు ఆఫీసుకు పోయి సోమవారం రా’’ అంటాడు మంచిగానే. సోమవారానికి వాళ్ల నాన్న ఇంకో గుంట దగ్గర ఉంటాడు, ఆ ఊరి నుంచి టౌనుకు బస్సు పొద్దున ఒక్కటే.