చూడ్డానికే వస్తున్నానని చెప్పు

"పని అనే మాట మాత్రం నోట రానీకమ్మా. చూడ్డానికి వస్తున్నానని చెప్పు."

2016లో వీసా ఇంటర్వ్యూకి ముందురోజు రాత్రి మా అమ్మాయి ఫోన్లో నాకు నేర్పిన పాఠం ఇది. ముప్ఫై ఏళ్లు కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని, బుద్ధిగా అప్పజెప్పి వచ్చాను. కిటికీ అవతలి మనిషి రెండు నిమిషాల్లో పంపించేశాడు. చిలకలూరిపేటలో మా వీధి వీధంతా "అదృష్టవంతురాలివి, అమెరికా చూడబోతున్నావు" అంది. నేనూ నవ్వి ఊరుకున్నాను.

నేను చూడబోయింది అమెరికాని కాదు. మా అమ్మాయికి పురుడు. అయిదు నెలల ఇరవై రోజులు ఉన్నాను. అందులో ఊరు చూసింది నాలుగు ఆదివారాలు.

చూడ్డానికి వెళ్లేవాళ్లు ఏం తీసుకెళతారు? కెమెరా, నాలుగు జతల బట్టలు. నా సామాను చెబుతాను, వినండి. కారం, ధనియాల పొడి, బాలింతకి శొంఠి, వాము, ఉప్పుసెనగల పొడి, గోంగూర పచ్చడి, బిడ్డకి నలుగు పిండి, పక్కగుడ్డలకి ఉతికి ఉతికి మెత్తబడ్డ నా నూలు చీరలు ఆరు. ఇవి పనిముట్లు కాకపోతే ఏమిటి? పెట్టెకి 23 కిలోలు, రెండు పెట్టెలు. మా ఆయన కాటా మీద పెట్టి తూచి "టిక్కీ మిరపకాయలంత ఉన్నాయే" అన్నారు. గుంటూరు యార్డుకి పోయే టిక్కీ కూడా దాదాపు అంతే తూగుతుంది. కాకపోతే ఆ టిక్కీకి యార్డులో ఒక ధర కడతారు.

శంషాబాద్‌లో కౌంటరు దగ్గర మొదటిసారి ఆ వరస చూశాను. గోడ వారగా పది పన్నెండు వీల్‌చెయిర్లు. ఒకరిద్దరు తప్ప అందరూ ఆడవాళ్లే, అందరూ నా వయసు వాళ్లే. మెడలో పాస్‌పోర్టు సంచీ. ఒళ్లో కాగితం. దాని మీద కొడుకో అల్లుడో రాసిపెట్టిన ఇంగ్లీషు వాక్యాలు. ఇంతమందికి కాళ్లు పడిపోయాయా అని నిజంగానే బెంగపడ్డాను. నా పక్కావిడది పర్చూరు దగ్గర పల్లె. అప్పట్లో ప్రకాశం జిల్లా. 2022లో జిల్లాలు విడగొట్టాక బాపట్లలోకి పోయింది. "కాళ్లకేం అక్కా, బంగారంలా ఉన్నాయి. పత్తి చేలో పొద్దున పోతే మాపటికి వస్తా. మాట రాదని మా వాడు దీంట్లో కూచోబెట్టించాడు" అంది.

మాట రాకపోవడానికి మందు చక్రాల కుర్చీ! తెలుగులో రెండు బోర్డులు పెట్టించడం కన్నా, తెలుగు వచ్చిన ఒక్క మనిషిని నిలబెట్టడం కన్నా, నడవగలిగిన ఆడమనిషిని నడవలేనిదని రాయడం తేలికైపోయింది అందరికీ. పిల్లల్ని తప్పు పట్టడం లేదు. గల్ఫ్‌లో విమానం మారేచోట తల్లి తప్పిపోతుందని వాళ్ల భయం. కానీ ఆ కుర్చీ ఏం చేస్తుందో గల్ఫ్‌లో దిగాక చూశాను. అక్కడి కుర్రాడు ఈ ఆడవాళ్లందరినీ ఒక గేటు దగ్గర వరసగా నిలిపి, మళ్లీ వస్తానని చేత్తో సైగ చేసి వెళ్లిపోయాడు. మూడు గంటలు. లేచి నడిస్తే కుర్చీ తీసేస్తారేమోనని భయం. బాత్‌రూమ్ ఎటో ఎవరిని అడగాలో తెలీదు. అందుకని మంచినీళ్లు తాగడం మానేశారు. చేలోకి పోయేముందు నీళ్లు తాగకపోవడం మన ఆడవాళ్లకి కొత్త కాదు లెండి.

ఆ మూడు గంటలూ నేనెక్కడున్నానో కూడా చెప్పాలి. లాంజ్‌లో. మా అల్లుడి క్రెడిట్ కార్డు పుణ్యమా అని నా పేరు మీద ప్రవేశం ఉంది. మెత్తటి సోఫా, వేడి సూపు, ఖర్జూరాలు, పరిమళం వచ్చే తువ్వాళ్లు. చుట్టూ లాప్‌టాపులు తెరుచుకున్న మగవాళ్లు. అందులో తెలుగు మాటలూ వినిపించాయి. ఆన్‌సైట్‌కి పోతున్నవాళ్లు. వాళ్లకి టికెట్టు కంపెనీది, రోజు భత్యం కంపెనీది. పనికి పోతున్నారు గనక దారిలో విశ్రాంతి కావాలని లోకం ఒప్పుకుంది. అదే విమానంలో అదే ఊరికి పనికి పోతున్న ఆవిడ గేటు దగ్గర దాహంతో కూచుంది. "ఎలాగూ అక్కడికెళ్లాక రెస్టేగా" అని ఆవిడకి చెప్పి పంపారు. ఒక్కసారి బయటికెళ్లి చూసొస్తే పోయేది. వెళ్లలేదు. రెండో కప్పు కాఫీ తెచ్చుకున్నాను. స్త్రీవాదం మీద నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇది చదివితే చదవనివ్వండి.

డల్లాస్ విమానంలో మా సీట్లు పక్కపక్కన పడ్డాయి. పదహారు గంటలు. భోజనం ట్రే ముందు పెట్టగానే ఆవిడ నావైపు వంగి "వాళ్లు తిన్నారా?" అంది. ఎవరు? ఆ వడ్డించే పిల్లలు. రేకు మూత తీసిపెడితే తింటూ అంది: "కూచున్న చోటికి కంచం వచ్చి ఎన్నేళ్లయిందో అక్కా. పురిట్లో మా అమ్మ పెట్టింది, అంతే." తినడమైపోయాక నా ట్రే, పక్కాయన ట్రే తీసుకుని ఒకదాని మీద ఒకటి పేర్చి, కాగితం రుమాలుతో బల్ల తుడిచి, నడవాలో లేచి నిలబడింది. ఎయిర్‌హోస్టెస్ పిల్ల కంగారుపడి అందుకుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

మన వార పత్రికల్లో విమానమెక్కిన అత్తయ్యగారి మీద హాస్య కథలు ఎన్ని చదివాం! బెల్టు పెట్టుకోవడం రాని అత్తయ్య, ఆవకాయ సీసా కోసం కస్టమ్స్ వాళ్లతో పోట్లాడే అత్తయ్య, బన్ను సంచీలో దాచుకునే అత్తయ్య. రాసినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. ఆ అత్తయ్య ఎందుకు వెళుతోందో, వెళ్లి ఏం చేసిందో, ఆ ఆవకాయ ఎవరికోసమో ఆ కథల్లో ఉండదు. విమానం దిగగానే కథ అయిపోతుంది. పని మొదలయ్యేది అక్కడ.

విమానంలో నవ్వు కూడా పనే అని అమెరికాలో ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సోషియాలజిస్టు 1983లో పుస్తకం రాసి చూపించింది. మన దేశంలో ఎయిరిండియా హోస్టెస్‌లు మొదటి గర్భం రాగానే ఉద్యోగం తీసేసే నిబంధన మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. నర్గేష్ మీర్జా కేసులో 1981లో ఆ నిబంధనని కోర్టు కొట్టేసింది. మొదటి నాలుగేళ్లలో పెళ్లాడకూడదనే షరతు మాత్రం తప్పు కాదంది. సగం గెలుపే. అయినా వాళ్లది పని అన్న సంగతి మీద ఎవరికీ అనుమానం లేదు. అందుకే కోర్టుకి వెళ్లగలిగారు. మా ఆవిడ ఎక్కడికెళుతుంది? ఆ వీసా మీద జీతానికి పనిచేయకూడదు. జీతం లేకపోతే అది పనే కాదు. అమెరికా చట్టమూ మన ఇంటి చట్టమూ ఎంత ముచ్చటగా కలిశాయో చూడండి.

"తల్లి చేసేదాన్ని కూడా లెక్కకడతారా, ప్రేమ ఉండదా" అంటారని తెలుసు. ఉంది. మనవరాలికి నీళ్లు పోస్తుంటే నా కాళ్ల మీద అది ఒళ్లు విరుచుకున్న క్షణాన్ని నేను దేనికీ మార్చుకోను. కానీ ఆ ప్రేమ ముత్తాతలకీ తాతలకీ ఎందుకు ఉండదో, వాళ్లు సాయంత్రాలు పార్కులో చీట్లపేక ఎందుకు ఆడుకుంటారో కూడా చెప్పండి మరి. మా అమ్మాయిని ఏమీ అనలేను. అక్కడ 1993 చట్టం ఇచ్చేది పన్నెండు వారాల సెలవు, అదీ జీతం లేకుండా, అదీ అందరికీ కాదు. అంత ధనిక దేశం తన పిల్లల్ని పెంచే ఖర్చు తప్పించుకుంటే, ఆ ఖర్చు కంపెనీలు తప్పించుకుంటే, అది ఎకానమీ క్లాసు టికెట్టై చిలకలూరిపేట వచ్చి తలుపు కొడుతోంది. మన దగ్గర 2017లో సెలవు ఇరవై ఆరు వారాలు చేశారు. మంచిదే. మిరప కోతకి పోయే మనిషి దాకా ఆ కాగితం రాలేదు.

ఆ మనిషి గురించి చెప్పకపోతే నేనూ హాస్య కథ రాసినట్టే. పర్చూరు ఆవిడ డల్లాస్‌లో ఉన్న ఆరు నెలలూ ఇక్కడ ఆవిడ అత్తగారికి అన్నం పెట్టి ఒళ్లు తుడిచింది ఎవరు? పత్తి తీతకీ మిరప కోతకీ కూలికెళ్లే ఒకామె. పొద్దునా సాయంత్రం ఇక్కడ చేసి, మధ్యలో చేలోకి. ఆమె ఇంట్లో చంటిపిల్లాడిని చూసుకోవడానికి ఏడో తరగతి చదివే ఆడపిల్ల బడి మానింది. ఇది ఆవిడే చెప్పింది నాకు, ఇబ్బంది పడుతూనే. కోతల రోజుల్లో ఆ తల్లి మిరపకాయల మంట చేతులతో పసివాడిని ముట్టుకోలేదు కూడా. ఇలాంటి వరసకే హోక్‌షీల్డ్ 2000లో సంరక్షణ గొలుసు అని పేరు పెట్టింది. డల్లాస్‌లో ఒక ఆడపిల్ల ఉద్యోగం నిలబడటానికి పర్చూరు పక్క పల్లెలో ఇంకో ఆడపిల్ల బడి పోయింది. మధ్యలో ఉన్న మేమంతా త్యాగమూర్తులం, ఫొటోలకి దండలొక్కటే తక్కువ.

2023లో రెండో కాన్పుకి పిలిచినప్పుడు నేను మూడు అడిగాను. తారీఖులు నన్నడిగి పెట్టండి. ఆరు నెలలు కాదు, రెండు. మీ నాన్న కూడా వస్తారు, వంట ఆయన నేర్చుకుని వస్తారు. మా అమ్మాయి వారం రోజులు ముభావంగా ఉంది. తర్వాత అల్లుడు సెలవు పెట్టాడు. పెట్టగలిగే సెలవు మొదటిసారీ ఉందని అప్పుడు బయటపడింది. మా ఆయన చారు దాకా వచ్చారు. కుర్చీ వద్దన్నాను. గల్ఫ్‌లో గంటసేపు తప్పిపోయాను కూడా. అడిగి అడిగి గేటు చేరాను. కానీ నాకు పెన్షనుంది, ఇంగ్లీషుంది. అడగడానికి అవి ఎంత ధైర్యమిస్తాయో నాకు తెలుసు.

పర్చూరు ఆవిడా నేనూ ఇప్పటికీ ఫోన్లో మాట్లాడుకుంటాం. మొన్న చేసింది. చిన్నకోడలికి నెల తప్పిందట, రమ్మంటున్నారట.

"కోత ముందుంది గదా, ఉగాది దాకా రానని చెప్పా అక్కా. నువ్వు చెప్పినట్టే, గట్టిగానే చెప్పా."

"ఏమన్నారు?"

"టికెట్టు కొనేశారంట. వీల్‌చెయిర్ కూడా రాయించారంట."