కొత్త ఆర్మ్ గొప్పా, కొత్త రబ్బరు గొప్పా?



ఈమధ్య మన కుర్రాళ్లలో కారు ముందు సస్పెన్షన్ ఆర్మ్‌లు తీసేసి 'అప్‌గ్రేడ్' ఆర్మ్‌లు వేయించే మోజు పెరిగింది. వేయించినవాళ్లు "అన్నా, బండి ఎంత మెత్తగా పోతోందో" అని మురిసిపోతున్నారు. వాళ్ల మాట అబద్ధం కాదు. కానీ ఆ మెత్తదనం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోకుండా డబ్బు పోయకూడదని మా అభిప్రాయం.

మన చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రం కింద ఒక్కటే ఆర్మ్ ఉంటుంది. బండి బరువు మోసేది స్ప్రింగు, ఊపును అణిచేది షాక్ అబ్జార్బర్. చక్రాన్ని దాని చోట పట్టి ఉంచడం ఆర్మ్ పని. దాని బయటి కొసన బాల్ జాయింట్, లోపలి వైపు రబ్బరు బుష్‌లు ఉంటాయి. స్పీడ్ బ్రేకర్ తగిలినప్పుడు చక్రం రవ్వంత వెనక్కి జరిగి దెబ్బను మింగేది ఆ రబ్బరు వల్లే.

ఆ రబ్బరు పగిలితే గుంతలో టక్కుమంటుంది, బ్రేకు వేస్తే బండి పక్కకు లాగుతుంది, టైరు ఒకవైపే అరుగుతుంది. ఆ స్థితిలో కంపెనీ ఆర్మ్ వేసినా, ఖరీదైన ఆర్మ్ వేసినా బండి బాగుపడుతుంది. మనవాళ్లు నిజానికి పోలుస్తున్నది పగిలిన రబ్బరును కొత్త బుష్‌తో. పేరు మాత్రం ఆర్మ్ కొట్టేస్తోంది!

అప్‌గ్రేడ్ వల్ల లాభమే లేదని మేము అనడం లేదు. అల్యూమినియం ఆర్మ్ తేలిక, కాబట్టి చక్రం రోడ్డును త్వరగా అందుకుంటుంది. పాలీయురేతేన్ బుష్ గట్టిది, స్టీరింగు చెప్పినట్టు వింటుంది. హోసూరు నుంచి శూలగిరి మీదుగా కృష్ణగిరికి హైవేలో పోయేటప్పుడు ఆ నిలకడ బాగానే ఉంటుంది. అదే బండిని డెంకణీకోట వైపు పల్లె దారుల్లోకి తిప్పండి. ప్రతి గులకరాయీ స్టీరింగులో పలుకుతుంది. వెనక సీట్లో కూర్చున్న అమ్మానాన్నల నడుముకు మీ అప్‌గ్రేడ్ గొప్పతనం అర్థం కాదు.

అసలు తేడా బిగింపులో ఉంది. రబ్బరు బుష్ బోల్టులను చక్రం గాల్లో వేలాడుతుండగా బిగించేస్తే, బండి కిందికి దిగగానే రబ్బరు మెలి తిరిగి, అలాగే ఉండిపోయి, త్వరగా చిరుగుతుంది. బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఆఖరి బిగింపు పడాలి. ఆ తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి. ఈ రెండూ చేయకపోతే ఎంత ఖరీదైన ఆర్మ్ వేసినా దండగే.

అన్నిటికన్నా ముఖ్యం బాల్ జాయింట్. అది బాగా అరిగి ఊడిందంటే చక్రం పక్కకు వాలిపోతుంది, స్టీరింగు మన చేతిలో ఉండదు. హైవే మీద, పక్కన లారీలు పోతుండగా, పిల్లాపాపలతో తిరుపతికో కుప్పానికో బయలుదేరిన బండిలో అది జరిగితే ఏమిటి గతి? ఆర్మ్ మార్చే ముందే కాదు, మార్చే ఉద్దేశం లేకపోయినా చూపించుకోవలసింది అదే.

అశోక్ లేలాండ్, టీవీఎస్ మోటార్ ఫ్యాక్టరీలున్న ఊరు మనది. బండి గుట్టు తెలిసినవాళ్లు మన సంఘంలోనే ఉన్నారు. వాళ్లను వదిలేసి యూట్యూబ్ మాట వినడం ఎందుకు? వానలు మొదలయ్యేలోగా ఒక ఆదివారం సభ్యుల బండ్లన్నిటికీ బుష్‌లు, బాల్ జాయింట్లు చూసే ఏర్పాటు సంఘం చేయాలని మేము కోరుతున్నాం. టాక్సీ నడుపుకొనే మన తమ్ముళ్ల బండ్లు ముందు చూడాలి. వాళ్ల బతుకు ఆ చక్రాల మీదే ఉంది.

ఒప్పుకునేవాళ్లు, కాదనేవాళ్లు, ఇద్దరూ కింద రాయండి. ఆ పని తెలిసినవాళ్లు మాత్రం మీ పేరు ఇవ్వకుండా పోకండి.